దేవుడు లేడన్న తర్వాత మనిషికి ఏం కావాలి? మన చరిత్ర చెప్పే జవాబు



ఈ భాగం ముఖ్యంగా క్యాంపస్‌లలో చదువుకుంటున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం రాస్తున్నాను. హాస్టల్ గదుల్లో మీరు అర్ధరాత్రి దాకా వాదించుకునే విషయమే ఇది. ఒకరు అంటారు: "దేవుడే లేడు. అంబేడ్కర్‌ని చదివినవాడికి ఇంకా ప్రార్థన ఏంటి?" ఇంకొకరు అంటారు: "మా అమ్మ ఆదివారం చర్చికి పోయి ఏడ్చి వస్తేనే సోమవారం కూలికి పోగలదు. ఆ చర్చిని ఎగతాళి చేసేవాడు నాకు అన్న ఎట్లా అవుతాడు?" ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండవు. ఒకే వాడ నుంచి వచ్చి, ఒకే అవమానం మోసినవాళ్లు దేవుడి పేరు మీద విడిపోతారు. దీనివల్ల లాభపడేది ఎవరో వేరే చెప్పాలా?

ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఒక ప్రశ్న. చావు దగ్గర, పెళ్లి దగ్గర, భయం దగ్గర, అవమానం దగ్గర మనిషికి ఏం కావాలి అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి "లేడు" అని చెప్పినా రెండోది తీరదు. "ఉన్నాడు" అని చెప్పినా తీరదు. మన పూర్వీకులు ఎక్కువగా కొట్లాడింది రెండో ప్రశ్నతోనే. ఆ చరిత్ర తెలియకుండా మనం ఆస్తికుడు, నాస్తికుడు అని ఒకరికొకరం బిరుదులు తగిలించుకుంటున్నాం.

గుడి మెట్ల దగ్గర ఆగిన భక్తి

మహారాష్ట్రలో 14వ శతాబ్దంలో చోఖామేళా అనే మహర్ భక్తుడు ఉండేవాడు. పండరీపురం విఠలుడి మీద పాటలు కట్టాడు. ఆయన పాటలు గుడి లోపలికి వెళ్లాయి, ఆయన వెళ్లలేదు. మంగళవేఢాలో గోడ కట్టే పనిలో, ఆ గోడ కూలి మీదపడి చనిపోయాడని చెబుతారు. ఇప్పటికీ ఆయన సమాధి గుడి లోపల కాదు, మెట్ల దగ్గరే ఉంది. బాబాసాహెబ్ 1948లో అంటరానివారి పుట్టుక గురించి రాసిన పుస్తకాన్ని ముగ్గురికి అంకితం చేశారు: నందనార్, రవిదాస్, చోఖామేళా. ముగ్గురూ భక్తులే. దేవుణ్ణి నమ్మని మనిషి ముగ్గురు భక్తులకు పుస్తకం అంకితం ఎందుకిచ్చాడు? ఈ ప్రశ్న పక్కన పెట్టుకోండి, మళ్లీ వద్దాం.

మన తెలుగులో జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. అందులో అరుంధతీ సుతుడు తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి చెప్పుకోవాలి. గుడిలోకి తనను రానివ్వరు. గుడిలో వేలాడే గబ్బిలానికి మాత్రం అడ్డు లేదు. అందుకని దాన్నే రాయబారం పంపుతాడు. దేవుడున్నాడా లేడా అని ఆ కావ్యంలో మనిషి వాదించడు. మనిషి మాట దేవుడి దాకా పోనివ్వని కాపలా ఎవరిది అని అడుగుతాడు.

1930 మార్చి 2న నాసిక్‌లో కాలారామ్ గుడి దగ్గర సత్యాగ్రహం మొదలైంది. అది ఏళ్ల తరబడి సాగింది. వేలమంది దళితులు రాముడి తలుపు తట్టారు. తలుపు తెరుచుకోలేదు. చివరికి బాబాసాహెబ్ 1935 అక్టోబర్ 13న యేవలాలో, హిందువుగా పుట్టడం తన చేతుల్లో లేదు గానీ హిందువుగా చావనని ప్రకటించారు. గమనించండి, ఆ రోజు ఆయన మతమే వద్దనలేదు. ఈ మతం వద్దన్నారు. అక్కడి నుంచి నాగపూర్‌కి 21 ఏళ్లు పట్టింది.

ఆదివారం పని మానేసినవాళ్లు

యేవలాకి దాదాపు 70 ఏళ్ల ముందే మన ఒంగోలు ప్రాంతంలో మాదిగలు ఇంకో దారి తొక్కారు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే యెర్రగుంట్ల పేరయ్య అందులో మొదటి మనిషి. ఆయన ఊరికే క్రైస్తవుడైపోలేదు. అంతకుముందు యోగ మార్గంలో ఉపదేశం తీసుకున్నాడు, గురువుల వెంట తిరిగాడు, తనే మరికొందరికి గురువయ్యాడు. 1866లో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. "రొట్టె ముక్క కోసం మతం మారారు" అని మన తాతల్ని తిట్టేవాళ్లకి పేరయ్య కథ చెప్పండి. తిండి కంటే ముందు సత్యం కోసం తిరిగినవాడు ఆయన.

మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి మొదట అగ్రకులాల వాళ్లూ వచ్చారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ దంపతులు మాదిగల్నే ఎంచుకున్నారు. పై కులాలవాళ్లు వెళ్లిపోయారు. దక్షిణ భారతాన్ని కుదిపేసిన 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూలి డబ్బులు ఆగాక వచ్చిన మనుషులు వాళ్లు.

చేరినవాళ్లకు పెట్టిన నియమాలు చూడండి: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవి పైకి మత నియమాలు. ఊళ్లో వాటి అర్థం వేరు. ఆదివారం పని మానడమంటే వెట్టికి వారంలో ఒక రోజు "రాను" అని చెప్పడం. విగ్రహం వద్దంటే ఊరి జాతరలో డప్పు కొట్టననడం. కరణాలకీ మునసబులకీ ఇది బాగా అర్థమైంది. అందుకే కొట్టారు, బావుల దగ్గరికి రానివ్వలేదు, పనుల్లోంచి తీసేశారు. వాళ్లకు కోపం తెప్పించింది ఏసుక్రీస్తు దేవుడా కాదా అన్న సంగతి కాదు. మాదిగవాడికి తనదంటూ ఒక రోజు ఉండటం.

మీ అమ్మ ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతుంది చూశారా, ఆ ఆదివారం వెనక ఇంత చరిత్ర ఉంది. దాన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటలో తీసెయ్యకండి. అలాగని అంతా బాగుందనీ కాదు. చర్చిలోనూ మాల, మాదిగ అని వేరు బెంచీలు, వేరు సంఘాలు, వేరు శ్మశానాలు వచ్చాయి. పైనుంచి వచ్చి చేరిన కులాలు పెత్తనం చేశాయి. దేవుడు మారినా కులం వెంటే నడిచి వచ్చింది. ఇదీ మన చరిత్రే, దాచిపెట్టాల్సిన పని లేదు.

హైదరాబాద్‌లో బుద్ధ జయంతి

నాగపూర్ దీక్ష కంటే 40 ఏళ్ల ముందే తెలుగు నేల మీద ఒక దళిత నాయకుడు బుద్ధుడి వైపు చూశాడు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్‌ మిత్ర మండలి పెట్టారు. హరికథల ద్వారా వాడల్లో ప్రచారం చేశారు. మద్యం మానమన్నారు, బడులు పెట్టారు, జోగిని ఆచారం మీద పోరాడారు. 1913లోనే బుద్ధ జయంతి జరిపారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, పంచములమని పిలిపించుకోవడం మాని ఆది ఆంధ్రులమని నిలబడే చోటు చూపించారు.

అదే కాలంలో మద్రాసులో పోకల లక్ష్మీనరసు ఉన్నారు. సైన్స్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్. 1907లో బౌద్ధ సారం మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. బుద్ధుడు హేతువు తప్పకుండా నడిచిన మనిషి అని అందులో నిలబెట్టారు. 1948లో ఆ పుస్తకం మళ్లీ అచ్చయినప్పుడు ముందుమాట రాసింది బాబాసాహెబే.

భాగ్యరెడ్డి వర్మ చేసిన పనిలో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఆయన జోగిని ఆచారాన్ని తిట్టి ఊరుకోలేదు. జోగిని ఆచారం కూడా మన ఆడబిడ్డల భక్తిని వాడుకునే నిలబడింది. దేవతకి ఇచ్చామంటారు, ఊరి పెత్తందారుకి ఇస్తారు. ఆధ్యాత్మిక అవసరాన్ని మనం తీర్చకపోతే ఇంకొకడు దాన్ని పట్టుకుంటాడు, పట్టుకుని మన పిల్లల్నే బలి అడుగుతాడు. అందుకే వర్మ ఒక చేత్తో జోగిని ఆచారాన్ని ఎదిరించి, ఇంకో చేత్తో బుద్ధ జయంతి పండగ చేశారు.

గోరా దారి

ఇప్పుడు నాస్తికుల వైపు వద్దాం. గోపరాజు రామచంద్రరావు, మనందరం గోరా అని పిలిచే మనిషి, బ్రాహ్మణ కుటుంబంలో 1902లో పుట్టారు. జంధ్యం తీసేశారు. నాస్తికత్వం చెబుతున్నారని 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడ పటమటకి మార్చారు. సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు, నిప్పుల మీద నడిచి అందులో మహిమ లేదని చూపడం, ఇవీ ఆ కేంద్రం పనులు.

గోరా గాంధీతో కూడా వాదించారు. తన పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకి ఇస్తానన్నారు. సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు, నాస్తికుల కోసం పెళ్లి మాటల్లో దేవుడి బదులు సత్యం అనడానికీ ఒప్పుకున్నారు. ఆ పెళ్లి చూడకుండానే గాంధీ హత్యకు గురయ్యారు. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్లి జరిగింది. తర్వాత 1960లో గోరా కొడుకు లవణం, జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు. 'గబ్బిలం' రాసిన కవి బిడ్డ నాస్తిక కేంద్రం కోడలైంది. ఆ హేమలతా లవణం స్టువర్టుపురంలోనూ, నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్యా ఏళ్లపాటు పని చేశారు. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది.

గోరా నాస్తికత్వానికి విలువ ఎక్కడి నుంచి వచ్చింది? "దేవుడు లేడు" అన్న వాక్యం నుంచి కాదు. ఆ వాక్యం చెప్పాక కూతురి పెళ్లి ఎక్కడ చేశాడు అన్నదాని నుంచి. ఇవాళ మన చుట్టూ కొందరు నాస్తికులున్నారు. దేవుడు లేడంటారు. పెళ్లి మాత్రం సొంత కులంలో. కట్నం తీసుకుంటారు, ఇంటికి కులం చూసి అద్దెకిస్తారు. ఆ నాస్తికత్వంతో మనకేం పని? గోరా తన కులం ఇచ్చిన సుఖం వదులుకుని నాస్తికుడయ్యాడు. మనవాడు దేవుణ్ణి వదిలితే అతని కులం అతన్ని వదలదు. గుడికి పోని మాలవాణ్ణీ ఊరు మాలవాడనే అంటుంది. కాబట్టి నాస్తికత్వం ఇద్దరికీ ఒకటే పని చెయ్యదు. ఈ తేడా గుర్తించకుండా మన పిల్లలకు "మతం మత్తుమందు" అని ఒక్క మాట చెప్పి పంపిస్తే ఎట్లా? మార్క్స్ కూడా ఆ మాటకి ముందు మతం పీడితుల నిట్టూర్పు అన్న అర్థంలో రాశాడు. మనవాళ్లు ముందు భాగం వదిలేసి వెనక భాగం మాత్రం గోడల మీద రాస్తారు.

బాబాసాహెబ్ ఎందుకు అక్కడితో ఆగలేదు

ఇప్పుడు పక్కన పెట్టిన ప్రశ్న దగ్గరికి వద్దాం. అంబేడ్కర్ కబీర్‌పంథీ ఇంట్లో పుట్టారు. తండ్రి రామ్‌జీ రోజూ భక్తి పాటలు పాడించేవారు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు కేలుస్కర్ అనే గురువు తను రాసిన బుద్ధ చరిత్ర చేతిలో పెట్టారు. కొలంబియా, లండన్ చదువులు చదివారు. సృష్టికర్త మీద ఆయనకు నమ్మకం లేదు, ఆత్మ మీదా లేదు. అంత స్పష్టత ఉన్న మనిషి "నేను నాస్తికుణ్ణి" అని చెప్పి ఊరుకోవచ్చు కదా?

ఊరుకోకపోవడానికి కారణం ఆయన రచనల్లో పదే పదే కనిపిస్తుంది. సమాజం నిలబడాలంటే చట్టమో, నీతో ఉండాలి. చట్టం కొద్దిమందిని అదుపు చెయ్యగలదు. మిగతావాళ్ల మధ్య బతుకు నడిపేది నీతే. ఎవరూ చూడనప్పుడు పక్కవాణ్ణి మనిషిగా చూడాలని నా లోపల చెప్పేది ఏది? రాజ్యాంగం రాసిన మనిషి ఈ ప్రశ్న అడిగారు, ఎందుకంటే చట్టం చేసిన తర్వాత కూడా ఊరు మారదని ఆయనకు తెలుసు. 1950లో బౌద్ధం భవిష్యత్తు మీద రాసిన వ్యాసంలో మతానికి కొన్ని పరీక్షలు పెట్టారు. నీతిని నిలబెట్టాలి. సైన్స్‌కి ఎదురు పోకూడదు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం ఒప్పుకోవాలి. పేదరికాన్ని పవిత్రం చెయ్యకూడదు.

ఆ పరీక్షల్లో దేవుడు ఎక్కడా లేడు. 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో ఆయన వాదం కూడా ఇదే: మతంలో దేవుడు కూర్చున్న చోట ధమ్మంలో నీతి కూర్చుంటుంది. అంటే ఆయన మనిషి అవసరాన్ని ఒప్పుకున్నారు, దాన్ని తీర్చడానికి దేవుడు తప్పనిసరి అన్న మాటను ఒప్పుకోలేదు. చోఖామేళాకి పుస్తకం అంకితం ఇవ్వడం వెనక నాకు కనిపించే అర్థం ఇదే. చోఖామేళా ఆకలి నిజం. అతనికి చూపించిన గుడి మోసం. ఆకలిని గౌరవించి మోసాన్ని తోసేశారు బాబాసాహెబ్.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమంది తెల్లబట్టలు కట్టుకుని వచ్చారు. బాబాసాహెబ్, సవితమ్మ వృద్ధ భిక్షువు చంద్రమణి దగ్గర దీక్ష తీసుకున్నారు. తర్వాత ఆయనే లేచి ప్రజలకు 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఆ ప్రతిజ్ఞల్ని శ్రద్ధగా చదవండి. మొదటి భాగం తీసెయ్యడం: బ్రహ్మ విష్ణు మహేశ్వరులు వద్దు, పిండాలు పెట్టను, బ్రాహ్మణుడితో కర్మకాండ చేయించను. అక్కడితో ఆపి ఉంటే అది నాస్తిక ప్రకటన అయ్యేది. తర్వాతవి కట్టుకోవడం: మనుషులంతా సమానమని నమ్ముతాను, ప్రాణుల మీద దయతో ఉంటాను, దొంగతనం చెయ్యను, అబద్ధం ఆడను, తాగను, ఇది నాకు కొత్త పుట్టుక. మన యువకుల్లో చాలామంది మొదటి సగం గట్టిగా చదువుతారు. తాగను అన్న చోటికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది.

బౌద్ధాన్నీ ఆయన గుడ్డిగా తీసుకోలేదు. సిద్ధార్థుడు ముసలివాణ్ణీ, శవాన్నీ మొదటిసారి చూసి ఇల్లు వదిలాడన్న కథను ప్రశ్నించారు. పోయిన జన్మ పాపం వల్ల ఇప్పుడు పేదవాడివన్న కర్మ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. నమ్మాల్సిన చోట కూడా ప్రశ్నించే హక్కు వదులుకోలేదు.

దీక్ష తర్వాత కూడా

దీక్ష తీసుకుంటే అన్నీ మారాయా? లేదు. 2006 సెప్టెంబర్ 29న ఖైర్లాంజిలో ఊరు ఊరంతా కలిసి చంపిన భోత్‌మాంగే కుటుంబం బౌద్ధ కుటుంబమే. చంపినవాళ్లు మతం అడగలేదు, కులం చూశారు. ప్రభుత్వం మాత్రం మతం అడుగుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే షెడ్యూల్డ్ కులాలు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితులు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రాల్లో వాళ్లది బీసీ-సి. అందుకే ఎంతోమంది సర్టిఫికెట్‌లో ఒక మతం, గుండెలో ఇంకో మతం పెట్టుకుని బతుకుతున్నారు. తన నమ్మకాన్ని పైకి చెప్పుకోలేని మనిషిని చూసి మనం నవ్వుదామా, ఆ పరిస్థితి పెట్టిన ఉత్తర్వుని నిలదీద్దామా?

చీరాలలో ఏం జరిగింది

ఆస్తికులూ నాస్తికులూ కలిసి నిలబడటం మనకు కొత్త కాదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకి పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వాళ్ల వెనక నిలబడ్డ కత్తి పద్మారావు హేతువాద ఉద్యమం నుంచి వచ్చిన మనిషి. బొజ్జా తారకం ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చారు. ఆ సెప్టెంబర్‌లో దళిత మహాసభ పుట్టింది. ప్రార్థన చేసుకునే తల్లుల పక్కన దేవుణ్ణి నమ్మని నాయకులు కూర్చున్నారు. ముందు దేవుడి సంగతి తేల్చుకుందాం అని వాళ్లు మొదలుపెట్టి ఉంటే దళిత మహాసభ ఉండేది కాదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. వాళ్ల శవాల్ని ఊరి బయట ఏ మూలో కాదు, ఊరి నడుమ పాతిపెట్టారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. చనిపోయినవాళ్లకు ఒక చోటు ఉండాలి, ఒక పేరు ఉండాలి, ఏడాదికోసారి అందరం అక్కడ నిలబడాలి అన్న ఆ అవసరాన్ని ఏమంటారు? నేను దాన్ని ఆధ్యాత్మిక అవసరం అనే అంటాను. అందులో దేవుడు లేకపోయినా సరే.

మనం చెయ్యాల్సింది

నాస్తికుడివైన తమ్ముడూ, నీ మాట తప్పని నేను అనను. కానీ వాడలో ఎవరైనా చనిపోతే పాస్టర్ గారు వస్తారు, పాట పాడతారు, మూడో రోజు మళ్లీ వస్తారు. నువ్వు వెళ్తావా? నీ దగ్గర ఆ తల్లికి చెప్పడానికి ఏముంది? లేకపోతే ముందు అది తయారు చెయ్యి. సత్యశోధక సమాజం పెట్టి, పురోహితుడు లేకుండా పెళ్లిళ్లు చేయించినప్పుడు జోతిబా ఫూలే చేసింది అదే. పాత తంతు తీసేసి చేతులు దులుపుకోలేదు, కొత్తది చేతికిచ్చాడు.

ప్రార్థన చేసుకునే చెల్లెమ్మా, నీ నమ్మకాన్ని నీ దగ్గర నుంచి లాక్కోవడానికి నేను రాలేదు. కానీ బాబాసాహెబ్ పెట్టిన పరీక్షలు నీ చర్చికీ పెట్టు, మీ నాన్నమ్మ మొక్కే ఎల్లమ్మ గుడికీ పెట్టు. అక్కడ మాల, మాదిగ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారా? ఆడదాని మాట వింటున్నారా? జబ్బు చేస్తే ఆసుపత్రికి పొమ్మంటున్నారా, నూనె రాసి ఇంటికి పంపుతున్నారా? పేదరికం దేవుడి పరీక్ష అని చెబుతున్నారా? జవాబులు బాగా లేకపోతే అక్కడే లేచి అడుగు. పేరయ్య వారసులకు అడిగే హక్కు ఉంది.

బౌద్ధులమని చెప్పుకునేవాళ్లకూ ఒక మాట. పంచశీల ఫొటో గోడకి తగిలించి, పిల్ల పెళ్లికి ముహూర్తం చూపిస్తే అది దీక్ష కాదు. డిసెంబర్ 6న దండ వేసి వచ్చేస్తే సరిపోదు. వాడలో ఒక గది కావాలి. వారానికి ఒకసారి పెద్దలూ పిల్లలూ అందులో కలవాలి. చదవాలి, పాడుకోవాలి, ఎవరికి కష్టమొచ్చిందో కనుక్కోవాలి. తాగుడు మానాలనుకునేవాడికి పక్కన కూర్చునే మనిషి దొరకాలి.

ఆ గదిలో దేవుడి పటం ఉండాలా వద్దా అని మీరు వాదించుకోండి, తప్పు లేదు. కానీ ముందు గది ఉండాలి. ఈ ఏడాది మీ వాడలో అలాంటి ప్రయత్నం ఎక్కడైనా మొదలుపెట్టి ఉంటే కింద రాయండి, మిగతావాళ్లు చూసి నేర్చుకుంటారు. వచ్చే భాగంలో ఫూలే సత్యశోధక పెళ్లిళ్ల గురించి వివరంగా రాస్తాను.

జై భీమ్.